తడ నుంచి తుమ్మలపెంట దాకా ఇద్దరం

కావలిలో రైలెక్కితే తడకు మూడు గంటల ప్రయాణం. తడ నుంచి కావలికి తిరిగి రావడానికి మాకు పదిహేడు రోజులు పట్టింది. దారిలో ఒకచోట బురదలో దిగబడ్డాం, ఒకచోట మమ్మల్ని మందులమ్మే వాళ్ళనుకున్నారు, ఇంకోచోట మాది ఆసుపత్రి బండి అనుకున్నారు, ఒకచోట నేను వ్యాను దిగి వెళ్ళిపోయాను. ఇంటికి వచ్చాక వీధిలో వాళ్ళు "ఏం చూశారు టీచరమ్మా?" అని అడిగితే పక్షులనీ సముద్రమనీ చెప్పి ఊరుకున్నాను. వాళ్ళకు చెప్పనిది కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

వ్యాను

ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ బడుల్లో లెక్కలు చెప్పి నిరుడు రిటైరయ్యాను. మా వారు రమణయ్య సరుకు ఓడల్లో ఫిట్టరు. ఇంజను గదిలో పని. తొమ్మిది నెలలు నీళ్ళ మీద, మూడు నెలలు ఇంట్లో. ఒక్కోసారి ఆ మూడూ రెండే అయ్యేవి. మాకు పెళ్ళయి ముప్పై మూడేళ్ళు. ఒకే కప్పు కింద ఉన్న రోజులన్నీ కూడితే పదేళ్ళు రావు. లెక్కల టీచర్ని కదా, కూడి చూశాను.

ఆయన రెండేళ్ళ క్రితం ఓడ దిగేశారు. నేను బడికి వెళ్తున్నన్నాళ్ళూ తేడా తెలియలేదు. ఇద్దరం రోజంతా ఇంట్లో ఉండటం మొదలయ్యాక తెలిసింది. ఇంజను చప్పుడు లేనిదే ఆయనకు నిద్ర పట్టదు. మధ్యాహ్నం ఫ్రిజ్ పక్కన కుర్చీ వేసుకుని దాని మోత వింటూ కునికేవారు. మెలకువగా ఉంటే ఏదో ఒకటి బిగించేవారు. కుళాయిలు, తలుపు గడియలు, నా కుట్టుమిషను కాళ్ళు. ఎక్కడ ఏ స్క్రూ వదులుందో వెతుక్కుంటూ ఇల్లంతా తిరిగేవారు. నేను మేడ మీదికి వెళ్ళి కూర్చునేదాన్ని. "అన్నం పెట్టనా?" "పెట్టు." కొన్ని రోజులు ఆ రెండు మాటలతోనే గడిచాయి.

నా చెల్లెలు సరళ తిరుపతిలో ఉంటుంది. మరిది పోయి మూడేళ్ళయింది. "రెండు గదులు ఖాళీగా పడి ఉన్నాయక్కా, వచ్చెయ్యి" అని ఎప్పుడూ అంటుంది. ఈ ఏడాది మొదట్లో ఒకరోజు "ఉగాది పోయాక వస్తాను" అన్నాను. చుట్టపుచూపుగా కాదని తనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆయనకు మాత్రం తెలియదనుకున్నాను.

అప్పటికే ఆయన బడిపిల్లల్ని తిప్పిన ఒక పాత వ్యాను కొని ఇంటి వెనక పెట్టి ఉన్నారు. నాలుగు నెలలు దానికింద పడుకునీ పైకెక్కీ సీట్లన్నీ పీకేసి రెండు సన్నటి మంచాలు బిగించారు. మడత బల్ల, గ్యాసు పొయ్యి, మూల నీళ్ళ తొట్టి. గిన్నెలకు గుంటలు, గ్లాసులకు కొక్కేలు, ప్రతిదానికీ ఒక గడియ. చూడగానే నాకు అర్థమైంది, అది అచ్చంగా ఓడలో ఆయన గది. "నలభై దేశాల రేవులు చూశాను, మన జిల్లా సముద్రం చూడలా. పోదామా?" అన్నారు. నేను సరేనన్నాను. వెళ్ళిపోయే ముందు ఒక్కసారి కలిసి తిరిగి వస్తే తప్పేముంది అనుకున్నాను.

తడ

ఫిబ్రవరి చివర్లో బయల్దేరాం. హైవే మీద ఆగకుండా తడ దాకా వెళ్ళి, అక్కడినుంచి తీరం పట్టుకుని నిదానంగా పైకి రావాలని ఆయన ప్లాను.

తడలో మాట సగం తెలుగు, సగం అరవం. టిఫిను బండి దగ్గర ఇడ్లీ అడిగితే, బండి ఆమె ప్లేటులో నాలుగు పెట్టి అవి మునిగేదాకా సాంబారు పోసింది. మా కావలిలో ఇడ్లీ పక్కన కారప్పొడి పెట్టి, నెయ్యి కావాలా అని అడుగుతారు. ఇక్కడ అడగటం లేదు, పోయడమే. ప్లేటు ముప్పై రూపాయలు, కాఫీ మాత్రం మా ఊళ్ళో దొరకనిది.

బండి ఆమె మా వ్యానును చాలాసేపు చూసింది.

"ఏం మా, ఏం అమ్మేదానికి వచ్చినారు? మందులా?"

"అమ్మేదేం లేదమ్మా. ఇది మా ఇల్లు."

"అయ్యో, సొంత ఇల్లు లేదా?"

"కావలిలో ఉంది."

ఆమె గరిటె పట్టుకుని ఆగిపోయింది. "ఇల్లు పెట్టుకొని బండ్లో పండుకునేది ఎందుకు మా?"

ఆయన వైపు చూశాను, చెబుతారేమోనని. ఆయన కాఫీ గ్లాసు కడిగే కుళాయి కారుతోందని దాన్ని తిప్పి చూస్తున్నారు.

భీమునివారిపాలెం

పులికాట్ సరస్సు ఒడ్డున ఊరు ఇది. ఫిబ్రవరిలో నీళ్ళు వెనక్కి పోతూ ఉంటాయి. వెనక తెల్లగా ఉప్పు తేలిన నేల, దాని మీద కొసదాకా ఏమీ లేదు. చెట్టు లేదు, గట్టు లేదు. దూరంగా నీళ్ళలో ఫ్లెమింగోలు, ఎవరో గులాబీరంగు చీర ఆరేసినట్టు బారుగా నిలబడి ఉన్నాయి. అన్ని వేల పక్షులున్నా చప్పుడు మాత్రం గాలిదే.

ఆయన వ్యానును నీళ్ళకు దగ్గరగా పెడతానన్నారు. "వద్దండీ, మెత్తగా ఉన్నట్టుంది" అన్నాను. "గట్టిగానే ఉండాది" అని పోనిచ్చారు. ఇరవై గజాలు పోయేసరికి వెనక చక్రాలు సగానికి దిగిపోయాయి. జాకీ పెడితే జాకీ దిగిపోయింది. పలక పెడితే పలక దిగిపోయింది. ఆయన చొక్కా విప్పి బురదలో మోకాళ్ళ మీద కూర్చుని గంటసేపు పోరాడారు. నేను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదేమో.

ఊళ్ళోంచి ఏడెనిమిది మంది వచ్చారు. ముందు నడిచి వచ్చినామె పేరు పొన్నమ్మ. యాభై దాటి ఉంటుంది. భుజం మీద రెండు నెలల మనవరాలు నిద్రపోతోంది. ఆ పూట మగవాళ్ళంతా ఒడ్డునే ఎందుకున్నారని అడిగితే, "ఈ రోజు మా పాడు కాదు గదక్కా" అంది. సరస్సులో ఏ రోజు ఎవరు వల కట్టాలో వంతులుంటాయట, ఆ వంతును పాడు అంటారట. తమ వంతు కాని రోజు నీళ్ళలో చేపలు ఎగిరిపడుతున్నా వల ముట్టరు. మా పొలాల్లో కాలవ నీటికి వంతులున్నాయి గానీ, వాటికోసం తలలు పగిలిన ఊళ్ళు నాకు తెలుసు.

పొన్నమ్మ అల్లుడు వ్యాను చుట్టూ తిరిగి చూసి, "సార్, తాళం ఇచ్చి మీరు పక్కన నిలబడండి" అన్నాడు. ముప్పై ఏళ్ళు ఇంజన్లతో బతికిన మనిషి తాళం ఇచ్చేసి పక్కన నిలబడ్డారు. తోసేవాళ్ళు చాల్లేదు. పొన్నమ్మ పిల్లను ఎక్కడ పడుకోబెట్టాలా అని చుట్టూ చూసి, నేరుగా ఆయన దగ్గరికి పోయింది.

"పట్టుకో అన్నా, ఒక్క నిమిషం."

ఆయన బురద చేతులు లుంగీకి తుడుచుకుని పిల్లను అందుకున్నారు. ఒక అరచెయ్యి తలకింద, ఇంకో చెయ్యి నడుము కింద. సరిగ్గా ఎలా పట్టుకోవాలో అలాగే. నేను వ్యాను తోస్తున్నదాన్ని చేతులు తీసేశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెళ్ళయిన రెండో ఏడు మాకు ఒక ఆడపిల్ల పుట్టింది. పదకొండు రోజులు బతికింది. ఆయన అప్పుడు ఓడ మీద ఉన్నారు. కబురు కంపెనీకి, కంపెనీ నుంచి ఓడకు చేరేసరికి ఇంకో వారం. ఆయన ఇంటికొచ్చింది నాలుగు నెలల తర్వాత. వచ్చినరోజు అన్నం తిని పడుకున్నారు. మర్నాడు పొద్దున్నే వాకిట్లో చేతిపంపు బాగుచేశారు. పిల్ల గురించి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. మాకు మళ్ళీ పిల్లలు కలగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళు అట్లాగే పోయాయి.

వ్యాను బయటికొచ్చింది. అందరూ కేకలు వేశారు. ఆయన పిల్లను పొన్నమ్మకిచ్చి జేబులోంచి డబ్బు తీస్తే ఆమె వెనక్కి నెట్టింది. "డబ్బులెందుకు? ఎండ్రకాయలు వండినాము, ఇంటికొచ్చి రెండు ముద్దలు తినిపోండి."

మిరియాలు, చింతపండు వేసి నల్లగా వండిన పీతల పులుసు. కావలిలో కొబ్బరి వేస్తాం, ఇక్కడ వెయ్యరు. గుల్ల కొరకటం రాక నేను తంటాలు పడుతుంటే పొన్నమ్మ తన చేత్తోనే విరిచి నా ప్లేటులో పెట్టింది. అంత మంచి తిండి ఆ పదిహేడు రోజుల్లో మళ్ళీ తినలేదు. తింటుండగా ఆమె అడిగింది, ఎవరైనా అడిగేదే.

"పిల్లోళ్ళు ఎంతమందక్కా?"

"లేరు" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు.

నాయుడుపేట

ఉప్పునేల మీద నడిచిన బండిని వెంటనే కడక్కపోతే అడుగంతా తుప్పు పడుతుందట. నాయుడుపేటలో హైవే పక్కన నీళ్ళు కొట్టే షెడ్డులో ఒక పూట ఆగాం. క్లచ్చి కూడా పట్టటం లేదని ఆయన కింద దూరారు. నేను వ్యాను మెట్టు మీద కూర్చున్నాను.

తలపాగా చుట్టుకున్న ఒక పెద్దాయన వచ్చి నా పక్కన కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"బీపీ చూడు తల్లీ."

"నేను డాక్టర్ని కాదు పెద్దాయనా. ఇది ఆసుపత్రి బండి కాదు."

"అట్నా?" అన్నాడు గానీ లేవలేదు. చెయ్యి కూడా దించలేదు. నేను టీ పోసిస్తే తాగాడు. రెండెకరాల వరి కోతకొచ్చిందని చెప్పాడు. కోత మిషను వాడు పొద్దునే వస్తానని రాలేదట. ఇంట్లో ఎవరున్నారని అడిగితే, "నేనుండా, గేదె ఉండాది" అన్నాడు. భార్య పోయి ఆరు నెలలు. వంట నేర్చుకున్నాడట, చారు ఒక్కటే కుదరటం లేదట. పప్పు నీళ్ళలో ఎంత చింతపండు వెయ్యాలో నన్నడిగి, నేను చెప్పింది రెండుసార్లు నోట్లో అనుకున్నాడు. అరగంట తర్వాత లేచి పంచె దులుపుకుని, "రేపు కూడా ఈడనే ఉంటారా?" అన్నాడు.

"లేదు పెద్దాయనా, సాయంత్రం పోతాం."

"పోండి, పోండి. పోవాల గదా" అని రోడ్డు దాటి వెళ్ళిపోయాడు.

వ్యాను కిందనుంచి ఆయన "ఎవరు?" అన్నారు. "ఎవరో" అన్నాను. ఆ రోజంతా మేము మాట్లాడుకున్నది అంతే.

తూపిలిపాళెం

వాకాడు దాటాక ఊళ్ళు పలచబడతాయి. రోడ్డు చివర సరుగుడు తోటలు, వాటి వెనక సముద్రం. ఆదివారాలు జనం వస్తారట. మేము వెళ్ళింది సోమవారం. నాలుగు రోజులు ఉన్నాం. పొద్దున వలలు లాగేవాళ్ళు వచ్చి తొమ్మిదికల్లా వెళ్ళిపోయేవారు. ఆ తర్వాత సరుగుడాకుల ఊళ, అలల మోత తప్ప ఏమీ లేదు. ఆయన ఒడ్డున నడుస్తూ చుక్కంత అయిపోయేవారు. మళ్ళీ చుక్క నుంచి మనిషయ్యేవారు. వచ్చి, "అన్నం అయిందా?" అనేవారు.

అంత చోటున్న ఇంట్లో కనపడనిది ఆ వ్యానులో కనపడింది. ఒకరి మోకాలు ఒకరికి తగలకుండా తిరగటం మా ఇద్దరికీ భలే వచ్చు.

నాలుగో రోజు చేపల పులుసు పెడదామని లేత మామిడికాయ తరుక్కుని, కారం డబ్బా కోసం చూస్తే లేదు. నా పోపు సామాన్లన్నీ ఆయన చిన్న సీసాల్లోకి మార్చి, గోడకు చేసిన గుంటల్లో వరసగా పెట్టి గడియ వేశారు. ధనియాలేవో జీలకర్రేదో తెలియకుండా.

"ఇదేందండీ? నా డబ్బాలేవి?"

"బండి కదిలితే పడిపోతాయి గదా. అన్నీ కట్టేసి ఉండాల."

"నాలుగు రోజులుగా బండి కదల్లేదు."

ఆయన ఒక గడియ సరిగ్గా పడిందో లేదో నొక్కి చూశారు. నాకు కోపం ఆగలేదు. "నేను మీ ఓడలో వంటమనిషిని కాను. మీ గదిలోకి నన్ను తెచ్చి పెట్టుకున్నారు. నాకు ఊపిరాడటం లేదు. నేను పోతాను" అన్నాను.

అప్పటికీ ఆయన వద్దంటారనే అనుకున్నాను. ఆయన పొయ్యి ఆర్పి, తరిగిన మామిడి ముక్కల మీద మూతపెట్టి, చెప్పులేసుకుని బండి తీశారు. కోట ఊరి బస్టాండు దాకా ఇద్దరం రోడ్డు చూస్తూ కూర్చున్నాం. నెల్లూరు బస్సు ఉంది. నేనెక్కి కూర్చుంటే, కిటికీలోంచి నీళ్ళ సీసా, అరడజను అరటిపండ్లు అందించారు.

"చేరినాక చెప్పు" అన్నారు. ఓడెక్కే ముందు ఆయనకు నేను చెప్పే మాట అది.

నెల్లూరు

బస్టాండు దగ్గర లాడ్జిలో గది అడిగితే కౌంటరులో అతను నా వెనక్కి చూశాడు. "ఒక్కరేనా మేడం?" అరవై రెండేళ్ళ ఆడమనిషిని చూసి కూడా ఆ ప్రశ్న అడగాలా అనిపించింది. ఆధార్ కార్డు చూసి, ఎందుకో మెత్తబడి, "మా అమ్మ వయసు మీది. వేడినీళ్ళు కావాలంటే బెల్లు కొట్టండి" అన్నాడు.

ఆ సాయంత్రం హాయిగానే గడిచింది. ఒంటరిగా ఉండటం నాకు కొత్త కాదు, దానిలో నాకు ముప్పై ఏళ్ళ సర్వీసుంది. కారం దోశ తిన్నాను. చీరల కొట్టులో ఏమీ కొనకుండా గంట కూర్చున్నాను. పొద్దున్నే సరళకు ఫోను చేసి, ఉగాది దాకా ఎందుకు, ఇట్నించిటే వచ్చేస్తానని చెబుదామని అనుకున్నాను. పొద్దున నంబరు తీసి చూసి పక్కన పెట్టాను. మధ్యాహ్నమూ చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదో నాకే అర్థం కాలేదు.

నాలుగింటికి ఫోను మోగింది. ఆయన.

"భోంచేశావా?"

ఆ ఒక్క మాటకే నాకు తేడా తెలిసింది. అది ఇంట్లో కుళాయి తిప్పుతూ మాట్లాడే గొంతు కాదు. ఓడ రేవులో ఉన్నప్పుడు, ఆదివారాలు ఏ దేశం నుంచో నాతో మాట్లాడిన గొంతు. నాకు తెలిసిన మొగుడు ఆ గొంతులోనే ఉన్నాడు.

"తిన్నాను. మీరు?"

"నువ్వు తరిగిన మామిడికాయతోనే పులుసు పెట్టినా. ధనియాలనుకొని సోంపు వేసినా."

నవ్వొచ్చింది. ఆయనా నవ్వారు. తర్వాత ఆగలేదు. మైపాడు వచ్చేశానని, ఒడ్డున పడవలకు రంగులేస్తున్నారని, ఒక కుక్క వ్యాను మెట్టు మీంచి లేవటం లేదని చెప్పారు. నేను లాడ్జి అతని సంగతి చెప్పాను. నాయుడుపేట పెద్దాయన చారు సంగతి చెప్పాను. ఎదురుగా పది రోజులుగా చెప్పనివన్నీ ఇరవై ఐదు కిలోమీటర్ల దూరం నుంచి చెప్పేశాను.

అప్పుడు కొంచెంసేపు ఆయన వైపు నుంచి అలల చప్పుడే వినిపించింది.

"భారతీ."

"ఊఁ."

"పాప ఎవరి పోలిక?"

మంచం అంచు మీద కూర్చున్నాను. ఎదురుగా గోడమీద పాత క్యాలెండరు. దాన్నే చూస్తూ చెప్పాను.

"చెవులు మీవి. పైన కొంచెం మడతపడి ఉండేవి. జుట్టు బాగా ఉండేది. ఏడుపు మాత్రం సన్నగా, పిల్లికూనలాగా."

"పేరు?"

"పెట్టలేదు. ఇరవై ఒకటో రోజున పెడదామన్నారు అమ్మావాళ్ళు. మీకు జాబు రాసి అడుగుదామని ఉన్నాను."

"నాకు కబురొచ్చినప్పుడు పనిలో ఉండా. చదివి జేబులో పెట్టుకొని, నా వాచీ డ్యూటీ అయిపోయేదాకా పని చేసినా. ఎవురికీ చెప్పలా. తర్వాత మా వంటాయనకు బిడ్డ పుడితే, రేవులో వాళ్ళావిడ తీసుకొచ్చింది. ఎట్టా పట్టుకోవాలో ఆయన్నడిగి నేర్చుకున్నా. ఎందుకు నేర్చుకున్నానో నాకే తెలీదు."

నేను ఏడిచాను. ఆయన ఫోను పెట్టెయ్యలేదు, ఊరుకోమని కూడా అనలేదు. నా ఏడుపు అయ్యేదాకా ఉన్నారు.

"ఎందుకడగలేదండీ ఇన్నేళ్ళు?"

"నువ్వు చెప్తావని చూసినా."

"మీరు అడుగుతారని చూశాను నేను."

ఆయనే మళ్ళీ అన్నారు. "ఉగాది తర్వాత తిరుపతి పోతావంట గదా. మేడమీద నువ్వు సరళతో ఫోన్లో అంటుంటే విన్నా. దాని తర్వాతనే వ్యాను పని బిరాన ముగించినా."

ఆయన నన్ను రమ్మనలేదు. "పొద్దున ఏడుకు ఒక బస్సుండాది మైపాడుకి. తొమ్మిదికి ఇంకోటి" అని మాత్రం చెప్పారు.

మైపాడు

ఏడు గంటల బస్సెక్కాను.

పడవలొచ్చిన వేళ. ఒడ్డున ఇసుకలో చేపల్ని కుప్పలు పోసి వేలం పాట పాడుతున్నారు. కానాగంతల కుప్ప రెండొందల దగ్గర మొదలై ఐదొందలకు పోయింది. బేరం మా కావలి చేపల సంతలాగా గొడవగా ఉండదు. కొనేవాళ్ళు కళ్ళతో, గడ్డంతో సైగ చేస్తారు. నేను పక్కన నిలబడ్డ ఆమెకు తలూపి పలకరించానో లేదో, కుప్ప నాదైపోయింది. అన్ని చేపలు ఏం చేసుకోను? నేను పలకరించిన ఆమే నవ్వి నవ్వి, నాలుగు నాకిచ్చి మిగతావి తను తీసుకుంది. "సైగలు జాగర్త మేడం, రేపు పడవే కొనేస్తారు" అంది.

ఆ నాలుగు చేపలు పట్టుకుని వ్యాను దగ్గరికి పోయాను. ఆయన లేచి నిలబడ్డారు. ఇద్దరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. నిన్న అంత మాట్లాడుకున్నది మేమేనా అనిపించింది. లోపల గుంటల్లోంచి సీసాలన్నీ తీసేసి ఉన్నాయి. నా పాత డబ్బాలు నా గుడ్డసంచిలో, నేను పెట్టుకునే వరసలోనే ఉన్నాయి. ఆయన ఆ వరస గమనించారని నాకు తెలియదు.

చేపలు శుభ్రం చేశాను. తిన్నాం. పాప మాట ఎత్తలేదు, తిరుపతి మాట ఎత్తలేదు. రెండు రోజులు పక్కపక్కన కూర్చుని సముద్రం చూశాం. ఫోనులో దొరికిన మనిషి పక్కన కూర్చుంటే మళ్ళీ దొరకలేదు. కబుర్లు ఒకసారి మొదలైతే ఇక ఆగవనుకున్నాను, అట్లా జరగలేదు.

అల్లూరు

అల్లూరు దగ్గర వరిచేలు అయిపోయి రొయ్యల గుంటలు మొదలవుతాయి. కనుచూపు మేర నలుచదరపు గుంటలు, వాటిలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే ఏరియేటర్లు. మనుషులు కనపడరు. ఒక గుంట గట్టుమీద ఆగితే, రేకుల షెడ్డులోంచి ఒకాయన పరిగెత్తుకొచ్చాడు. తిట్టటానికేమో అనుకున్నాం.

"రాండి, రాండి. కూర్చోండి. ఎవురు మీరు, యాడికి పోతుండారు?"

ఆయన పేరు మాలకొండయ్య. ఉదయగిరి కొండల దాపున ఊరు. వానల్లేక పైరు పోయి, ఇక్కడ గుంటల కాపలాకు వచ్చి నాలుగేళ్ళయింది. మేత వెయ్యాలి, మోటర్లు చూడాలి. గుంట వదిలి ఎక్కడికీ పోకూడదు. "ఈడ ఇంకో మనిషితో మాట్లాడి ఐదు రోజులైందన్నా. రొయ్యలకి మాటలు రావు గదా" అన్నాడు.

అన్నం వేళయింది. ఆయన కంచంలో అన్నం పెట్టుకుని, బల్లమీద డబ్బాకు ఫోను ఆనించాడు. తెరమీద ఆయన భార్య. ఆమె ముందూ కంచం. ఇద్దరూ తినటం మొదలుపెట్టారు. మాటల్లేవు. మధ్యలో ఆమె "పచ్చడెయ్యలా?" అంది. ఆయన "వేసినా" అన్నాడు. మేకలు అరుస్తుంటే లేచి తోలి వచ్చి మళ్ళీ కూర్చుంది. తిన్నాక "సరే, పెడతా" అని ఇద్దరూ కట్ చేశారు.

"రోజూ ఇట్నేనా?" అని అడిగాను.

"రెండు పూట్లా. నేను తినకపోతే ఆమె తినదు. మాట్లాడేదానికి ఏముంటదమ్మా? ఎదురుగా ఉంటే చాలు."

ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు. మా ఇద్దరికీ చాలాసేపు తల తిప్పి ఒకరినొకరు చూసుకునే ధైర్యం లేకపోయింది.

మధ్యాహ్నం ఒక ఏరియేటరు ఆగిపోయింది. మాలకొండయ్య ముఖం పాలిపోయింది. గాలి అందకపోతే రొయ్యలు పైకి తేలిపోతాయట. మిస్త్రీ రావటానికి మూడు గంటలు. మా వారు అప్పటికే లుంగీ ఎగ్గట్టి నీళ్ళలోకి దిగారు. నడుము లోతు నీళ్ళలో నిలబడి, "భారతీ, పదమూడు నంబరు పానా" అని కేక వేశారు. ఏది పదమూడో నాకు తెలియదు. మూడు పట్టుకెళ్ళాను. గట్టుమీద నిలబడి ఒక్కొక్కటే అందిస్తే, "ఇది కాదు... ఇదీ కాదు... ఆఁ, ఇదే" అన్నారు. నలభై నిమిషాలకు చక్రం తిరిగింది. మాలకొండయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

ఆ మోత మొదలవగానే మా వారు తడి లుంగీతోనే షెడ్డు పక్కన చాప మీద వాలి నిద్రపోయారు. మొద్దునిద్ర. పెళ్ళయ్యాక ఆయన అట్లా నిద్రపోవటం నేను చూడలేదు. పక్కన కూర్చుని చూశాను. చెవులు పైన కొంచెం మడతపడి ఉంటాయి. ఇప్పుడు వాటిమీద తెల్ల వెంట్రుకలొచ్చాయి.

తుమ్మలపెంట

పదిహేడో రోజు పొద్దున తుమ్మలపెంట చేరాం. ఇది మా కావలి సముద్రమే. ఇంటికి అరగంట కూడా పట్టదు. అయినా ఆయన బండి ఒడ్డున ఆపారు, నేనూ ఎందుకాపారని అడగలేదు. వ్యాను మెట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. మెట్టు సన్నది, భుజాలు తగిలాయి. ఇద్దరం సర్దుకోలేదు.

సముద్రం వైపు చూస్తూ ఆయన చెప్పారు. విశాఖలో ఓడలు బాగుచేసే యార్డు ఒకటుందట. కుర్రాళ్ళకు పని నేర్పటానికి రమ్మని అడుగుతున్నారట. గది వాళ్ళే ఇస్తారట.

"ఎప్పుడు పోవాలి?" అన్నాను. ఆయన ప్రయాణాల గురించి నాకు అడగటం వచ్చిన ప్రశ్న అదొక్కటే. ముప్పై ఏళ్ళుగా ఆయన ఫలానా తేదీ అని చెప్పేవారు, నేను పెట్టె సర్దేదాన్ని.

"తేదీ ఇంకా చెప్పలా వాళ్ళకి. నువ్వు తిరుపతి పోతే నేను పోతా. పోకపోతే..." ఆగారు. "నన్ను పొమ్మంటావా, ఉండమంటావా? నువ్వే చెప్పు భారతీ."

ఒక పెద్ద అల వచ్చి వెనక్కి పోయింది. ఉండమని వెంటనే అనేస్తే బాగుండేదని చదివేవాళ్ళకు అనిపిస్తుంది. నాకు అట్లా రాలేదు. పదిహేడు రోజుల్లో పదిహేను రోజులు ఆ మనిషి పక్కన నేను ఒంటరిగానే ఉన్నాను. ఒకరోజు ఫోనులో, ఒక మధ్యాహ్నం చాప పక్కన మాత్రం ఒంటరిగా లేను. అంతే నిజం. అబద్ధం చెప్పదలుచుకోలేదు.

"నాకింకా తెలియటం లేదండీ" అన్నాను. "తెలిసేదాకా ఉండండి."

ఆయన తల ఊపారు. లోపలికెళ్ళి పొయ్యి వెలిగించి టీ పెట్టారు. రెండు గ్లాసులు తెచ్చి, ఒకటి నాకిచ్చి, మళ్ళీ అదే మెట్టు మీద కూర్చున్నారు. టీలో చక్కెర ఎక్కువైంది. తాగేశాను.

ఉగాది వచ్చి పోయింది. సరళ దగ్గరికి వెళ్ళి పదిరోజులుండి వచ్చాను. బస్సు దిగేసరికి ఆయన కావలి బస్టాండులో ఉన్నారు, ఏ బస్సుకొస్తానో నేను చెప్పకపోయినా. పొద్దున్నుంచీ వచ్చిన ప్రతి బస్సూ చూస్తున్నారట. దారిలో మాట్లాడుకోలేదు. ఇంటికొచ్చాక ఎదురెదురుగా కూర్చుని అన్నం తిన్నాం.

విశాఖ వాళ్ళకు ఆయన ఇంకా తేదీ చెప్పలేదు. నాకింకా తెలియలేదు. ఆయన ఉన్నారు.